బంతి ఎక్కడ పెట్టాలి?

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాసి ఇమ్మని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను పెన్షను నిబంధనల చరిత్రో, మన సంస్థ తొలినాళ్ళ సంగతులో రాస్తాననుకుని ఉంటారు. అవి నాకంటె బాగా రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను గోల్ఫు గురించి రాయదలచుకున్నాను. "ఈయనకింకా ఆ పిచ్చి వదల్లేదా" అని నవ్వుకునేవారు నవ్వుకోవచ్చు. మా ఇంట్లో ఆ నవ్వు ఎప్పుడో అయిపోయింది.

గోల్ఫు మొత్తం గురించి కూడా కాదు. కొట్టబోయే ముందు బంతి మన రెండు పాదాల మధ్య ఎక్కడ ఉండాలి అన్న ఒక్క విషయం గురించే. జానెడు జాగాకు సంబంధించిన వ్యవహారం ఇది. ఆ జానెడు జాగా గురించి మూడు వందల ఏళ్ళకు పైగా మనుషులు రాస్తూనే ఉన్నారు. అందులో చాలా ఏళ్ళపాటు బోధన పుస్తకాలు ఒక తప్పును ఒప్పుగా చెప్పుకుంటూ వచ్చాయి. ఆ తప్పును నమ్మి నేను ఒక మనిషికి నష్టం చేశాను. అది కూడా ఈ చరిత్రలో భాగమే కాబట్టి దాచకుండా రాస్తాను.

మన కుటుంబాలలో ఈ ఆట తెలియనివారే ఎక్కువ గనుక ముందు రెండు ముక్కలు చెప్పాలి. కుడిచేతి వాటం ఆటగాడు గమ్యానికి ఎడమ భుజం చూపిస్తూ పక్కగా నిలబడతాడు. కాబట్టి ఎడమ పాదం గమ్యం వైపు, కుడి పాదం వెనుక వైపు ఉంటాయి. బంతి నేల మీద కదలకుండా ఉంటుంది. దాన్ని ఎవరూ విసరరు, ఎవరూ అడ్డురారు. అయినా తిన్నగా పోదు. గాలిలో కుడికి వంగిపోతే స్లైసు అంటారు, ఎడమకు వంగిపోతే హుక్కు అంటారు. ఈ వంపునే కొద్దిగా, కావాలని తెప్పించుకుంటే కుడి వంపు ఫేడు, ఎడమ వంపు డ్రా అవుతాయి. కొత్తవాళ్ళందరికీ పట్టే జబ్బు స్లైసు. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.

1982లో నన్ను ఉత్తరాంధ్రలోని ఒక టౌన్‌షిప్‌కు బదిలీ చేశారు. మనలో కొందరికి ఆ ఊరు గుర్తుండే ఉంటుంది. పేరు మాత్రం రాయడం లేదు. అక్కడ తొమ్మిది గుంతల చిన్న గోల్ఫు మైదానం ఉండేది. ఒక పక్క జీడిమామిడి, ఒక పక్క సరుగుడు. పెద్ద ఊళ్ళలో గుంత చుట్టూ పచ్చిక ఉండే చోట మాకు వాడేసిన నూనె కలిపి చదును చేసిన ఇసుక ఉండేది. దాన్ని గ్రీను అనలేక బ్రౌను అనేవాళ్ళం. సాయంత్రం నాలుగున్నరకు షిఫ్టు అయ్యాక వెళ్ళి చీకటి పడేదాకా కొట్టేవాళ్ళం. అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. వయసు మీరాక ఏ విద్యనైనా పుస్తకంలోంచి నేర్చుకుందామనిపిస్తుంది. హైదరాబాదు వెళ్ళినప్పుడు ఆబిడ్స్ ఆదివారం పుస్తకాల బజారులో ఒక బోధన పుస్తకం కొన్నాను. అట్ట లేదు, లోపలి బొమ్మలు బాగున్నాయి.

మా కర్రల సంచులు మోసే కాడీలలో పెద్దవాడిని అందరూ మేస్త్రి అని పిలిచేవారు. పూర్వం తాపీపని చేసేవాడట. చదువు లేదు. కానీ ఆటగాడు నిలబడగానే ముందు పాదాలు చూసేవాడు, తరవాత బంతి, ఆ తరవాత భుజాలు. మాట్లాడకుండా వంగి, కాలి బొటనవేలితో బంతిని వేలెడు వెనక్కో ముందుకో జరిపి దూరంగా పోయి నిలబడేవాడు. తాపీవాడు మట్టం సరిచేసినట్టు ఉండేది ఆ పని. ఒకసారి నాతో అన్నాడు: "బంతి ముందుకెట్టీసినారు బాబూ. దాన్ని అందుకోడానికి బుజం తెరిసేస్తన్నారు. ఇంకది కుడికి ఎల్లక ఏటి సేస్తాది?"

ఈ సంగతిని మొట్టమొదట కాగితం మీద పెట్టినవాడు, మనకు తెలిసినంతలో, ఎడింబరోలో వైద్యం చదువుకుంటున్న థామస్ కింకెయిడ్ అనే కుర్రవాడు. 1687 జనవరిలో తన దినచర్య పుస్తకంలో గోల్ఫు కొట్టే పద్ధతి రాసుకున్నాడు. కత్తిసాములో నిలబడినట్టు మోకాళ్ళు కాస్త వంచాలన్నాడు. బంతి రొమ్ముకు ఎదురుగా, కొంచెం ఎడమ పాదం వైపు ఉండాలన్నాడు. అప్పట్లో బంతి అంటే తోలు తిత్తిలో ఈకలు కూరి కుట్టినది. కర్రలు నిజంగా కర్రలే. ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నదీ ఆ సంవత్సరమే. ఇక్కడ కోట కూలుతుంటే అక్కడొక విద్యార్థి తన బంతి ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నాడన్న మాట. అతను రాసిన ఆ ఒక్క వాక్యాన్ని తరవాతి మూడు శతాబ్దాలలో వచ్చిన వారెవరూ పెద్దగా మార్చలేకపోయారు.

ఈకల బంతి పోయి 1848 ప్రాంతాల గట్టాపెర్చా బంతి వచ్చింది. అది మలయా చెట్ల పాలతో చేసినది. 1898లో అమెరికాలో హాస్కెల్ అనే ఆయన రబ్బరు దారం చుట్టిన బంతి కనిపెట్టాడు. 1902లో శాండీ హెర్డ్ ఆ బంతితో బ్రిటిష్ ఓపెన్ గెలవగానే పాతవన్నీ మూలపడ్డాయి. మనిషి మాత్రం అలాగే పక్కగా నిలబడి, బంతి వైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

కొలతలు వేసి చెప్పినవాడు హారీ వార్డన్. జెర్సీ ద్వీపంలో తోటపని చేసుకునే ఇంట పుట్టి, తానూ తోటపని చేసి, బ్రిటిష్ ఓపెన్‌ను 1896 నుంచి 1914 లోపల ఆరుసార్లు గెలిచాడు. ఆ లెక్కను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 1905లో వచ్చిన ఆయన 'ది కంప్లీట్ గోల్ఫర్' పుస్తకంలో ఏ కర్రకు ఏ పాదం ఎక్కడ, బంతి ఎక్కడ అన్నది ఫొటోలతో, అంగుళాల కొలతలతో చూపించారు. ఇంజనీరింగ్ డ్రాయింగు చూసినట్టుంటుంది. డ్రాయింగు సెక్షనులో పనిచేసిన వాడిని గనుక ఆ బొమ్మలు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. ఎవరి ఎత్తుకు తగ్గ కొలతలు వారికుంటాయి గదా, వార్డన్ అంగుళాలు మనకెలా సరిపోతాయి అన్న ప్రశ్న మాత్రం చాలాకాలం ఎవరూ గట్టిగా అడగలేదు.

మధ్యలో ఒక పిట్టకథ. బంతిని నేల నుంచి కొంచెం పైకెత్తి పెట్టడానికి పూర్వం చిటికెడు తడి ఇసుకను కుప్పగా పోసి దాని మీద పెట్టేవారు. ఇప్పుడు వాడే చిన్న కొయ్య మేకు, అంటే టీ, ఆలోచనకు 1899లో అమెరికాలో పేటెంటు పొందినవాడు జార్జి గ్రాంట్. ఆయన దంతవైద్యుడు, నల్లజాతివాడు. ఆయన దాన్ని అమ్మకానికి పెట్టలేదు. 1920లలో అలాంటి టీని తయారుచేసి అమ్మి ఊరూరా వాడుకలోకి తెచ్చిన విలియం లోవెల్ కూడా దంతవైద్యుడే. పళ్ళ డాక్టర్లకూ ఈ ఆటకూ ఏమి సంబంధమో నాకు అంతుపట్టలేదు. టీ వచ్చాక బంతిని ఎడమ మడమకు ఎదురుగా, గాలిలో కూర్చోబెట్టి, కర్ర పైకి లేస్తుండగా కొట్టడం అందరికీ సులువైంది.

ఇంతకీ బంతి జరిపితే వంపు ఎందుకు మారుతుంది? ఇది నేను చాలా ఆలస్యంగా అర్థం చేసుకున్నాను, కానీ ఇక్కడే చెప్పడం మేలు. ఎడ్లబండి చక్రాన్ని గోడకు వాలుగా చేరవేశారనుకోండి. పై అంచు గోడకు ఆని ఉంటుంది, కింది అంచు గోడకు దూరంగా నేల మీద ఉంటుంది. ఆటగాడు గోడకు వీపు పెట్టి ఆ చక్రం మధ్యలో నిలబడ్డాడని ఊహించుకోండి. కర్ర తల ఆ చక్రం పట్టా వెంట తిరుగుతుంది. కిందికి దిగేటప్పుడు అది నేలకు దిగడమే కాదు, గోడ నుంచి దూరంగా, అంటే కుడివైపుకు కూడా పోతుంది. అట్టడుగున ఒక్క క్షణం గోడకు సమాంతరంగా, తిన్నగా గమ్యం వైపు పోతుంది. అది దాటగానే పైకి లేస్తూ మళ్ళీ గోడ వైపు, అంటే ఎడమకు తిరుగుతుంది.

దీన్నిబట్టి బంతి కుడి పాదం వైపు ఉంటే, కర్ర ఇంకా దిగుతూ, కుడికి పోతుండగానే తగులుతుంది. దెబ్బ పైనుంచి కిందికి పడుతుంది కనుక బంతి తక్కువ ఎత్తులో పోతుంది. బంతి ఎడమ పాదం వైపు ఉంటే కర్ర లేస్తూ, ఎడమకు తిరుగుతుండగా తగులుతుంది. బంతి ఎత్తుగా పోతుంది. దారి సంగతి ఇది. కర్రకు ముఖం కూడా ఉంది. అది తలుపు మూసుకున్నట్టు కుడి నుంచి ఎడమకు తిరుగుతూ వస్తుంది. బంతి వెనక ఉంటే తలుపు ఇంకా తెరిచి ఉంటుంది, ముందు ఉంటే మూసుకుపోయి ఉంటుంది. కర్రకూ బంతికీ మధ్య స్పర్శ ఎంతసేపని? సుమారు అర మిల్లీసెకను. అంటే సెకనులో రెండు వేలవ వంతు. ఆ క్షణంలో మనం చేయగలిగింది ఏమీ లేదు. చేయవలసింది కర్ర ఎత్తకముందే, బంతి దగ్గర పాదాలు పెట్టుకునేటప్పుడే అయిపోవాలి.

మేస్త్రి చెప్పిన భుజం సంగతి దీనికి అదనం. బంతి మరీ ముందుకు ఉంటే దాని వెనక కర్ర ఆనించడానికి కుడి భుజం ముందుకు వస్తుంది, ఛాతీ గమ్యానికి ఎడమగా తిరిగిపోతుంది. ఇక కర్ర బయట నుంచి లోపలికి కోసుకుంటూ వస్తుంది. ముఖం ఆ దారంత ఎడమకు తిరగకపోతే వచ్చేది స్లైసే. బంతి కుడికి పోతోందని భయపడి మనం ఇంకా ఎడమకు తిరిగి నిలబడతాం, బంతిని ఇంకా ముందుకు పెడతాం. జబ్బు ముదురుతుంది. నేను చేసింది అక్షరాలా అదే.

వంపు ఎక్కడి నుంచి వస్తుందన్నది వేరే వంశం వాళ్ళు తేల్చారు. టెన్నిసు బంతిని బ్యాటుతో ఏటవాలుగా కొడితే వంగిపోవడం న్యూటన్ గమనించి 1672లో ఒక ఉత్తరంలో రాశాడు. గోల్ఫు బంతి మీద లెక్కలు వేసినవాడు ఎడింబరో ఆచార్యుడు పి.జి. టెయిట్. బంతి అంతసేపు గాలిలో నిలబడాలంటే అది వెనక్కి గింగిరాలు తిరుగుతూ ఉండాలని 1890లలో చూపించాడు. ఆ గింగిరాలు లెక్కపెట్టడానికి బంతికి ఒక పట్టీ అంటించి కొట్టించి, పట్టీ ఎన్ని మెలికలు పడిందో చూశాడు. ఇంతకంటె చవకైన ప్రయోగం నేను వినలేదు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ టెయిట్ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ విజేత. 1900లో దక్షిణాఫ్రికా యుద్ధంలో చనిపోయాడు. మరుసటి సంవత్సరమే తండ్రీ పోయాడు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టిన జె.జె. థామ్సన్ 1910లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో గోల్ఫు బంతి గమనం గురించి ఉపన్యాసం ఇచ్చాడు. అయస్కాంతంతో ఎలక్ట్రాన్ల ధారను వంచి, ఇదిగో స్లైసు, ఇదిగో హుక్కు అని సభకు చూపించాడు. నోబెల్ బహుమతి వచ్చిన నాలుగేళ్ళకు ఆయన ఈ పని పెట్టుకున్నాడు. మా ఇంట్లో నవ్వేవారికి ఈ వాక్యం చదివి వినిపించాను.

అయితే శాస్త్రవేత్తల మాట బోధకుల దాకా చేరలేదు. బోధకులలో నడిచిన పెద్ద వివాదం వేరు. అన్ని కర్రలకూ బంతి ఒకే చోట ఉండాలా, కర్ర పొట్టిదవుతున్న కొద్దీ మధ్యకు జరగాలా అని. టెక్సస్‌లో కాడీగా బతుకు మొదలుపెట్టి, హుక్కు జబ్బుతో ఏళ్ళ తరబడి బాధపడి, చివరకు దాన్ని ఫేడుగా మార్చుకున్న బెన్ హోగన్, 1957లో 'ఫైవ్ లెసన్స్' అనే పుస్తకంలో ఎడమ పాదాన్ని, బంతిని ఒక వరసలో ఉంచి కుడి పాదాన్నే జరుపుతూ బొమ్మ వేయించాడు. జాక్ నిక్లాస్ 1974 నాటి 'గోల్ఫ్ మై వే'లో మామూలు దెబ్బలన్నిటికీ బంతి ఎడమ మడమకు ఎదురుగానే అన్నాడు. రెండో పక్షం వారు పొట్టి కర్రకు బంతి మధ్యలో ఉండాలన్నారు. రెండు పక్షాలలోనూ గొప్ప ఆటగాళ్ళున్నారు. నాకు తోచిందేమంటే, ఈ తగవులో సగం కంటిమాయ. కుడి పాదాన్ని లోపలికి తెస్తే బంతి జరగకుండానే పాదాల మధ్యకు వచ్చినట్టు కనిపిస్తుంది. బంతిని ఎడమ మడమ నుంచి కొలిచేవాడు కదలలేదంటాడు, రెండు పాదాల మధ్య నుంచి కొలిచేవాడు కదిలిందంటాడు. మన ఆఫీసుల్లో సీనియారిటీ తగాదాలు కొన్ని ఇలాంటివే ఉండేవి. ఏ తేదీ నుంచి లెక్కపెట్టాలన్నదే గొడవంతా.

ఇక అసలు తప్పు. నా దగ్గరున్న పుస్తకంలోనూ, ఆ కాలపు ఇంకా చాలా బోధన పుస్తకాలలోనూ ఒక సూత్రం ఉండేది. బంతి కర్ర పోయే దారిలో బయలుదేరి, తరవాత కర్ర ముఖం చూసే వైపుకు వంగుతుంది అని. వినడానికి ఎంత సబబుగా ఉంది! చెట్టు అడ్డుంటే ముఖాన్ని గమ్యానికి పెట్టు, పాదాలనూ భుజాలనూ చెట్టు పక్కకు పెట్టి కొట్టు, బంతి చెట్టు పక్క నుంచి పోయి వంగి గమ్యం చేరుతుంది అని బొమ్మ కూడా ఉంది.

మా నాలుగో గుంత దగ్గర ఒక జీడిమామిడి ఉండేది. 1985లో ఒక ఆదివారం పొద్దున పుస్తకంలో ఉన్నట్టే ఏర్పాట్లన్నీ చేసుకుని ఏడుసార్లు కొట్టాను. ఏడుసార్లూ బంతి వెళ్ళి చెట్టుకే తగిలింది. కాయలు రాలాయి. మేస్త్రి కర్రల సంచీ దించి నా దగ్గరికి వచ్చాడు. "కర్ర మొకం ఎటు సూస్తే బంతి అటే బయల్దేరతాది బాబూ. కర్ర ఎల్లే దారి తరవాత దాన్ని ఒంపుతాది. మీరు మొకాన్ని సెట్టు మీదకెట్టినారు, అది సెట్టుకే తగిలింది" అన్నాడు. నేను పుస్తకం మాట చెప్పాను. అతను తల వంచుకుని విని, "మరి ఏడు దెబ్బలూ తప్పేనా బాబూ?" అన్నాడు. నా స్వింగులోనే లోపముందన్నాను. పుస్తకం తప్పవుతుందని నాకు తోచనైనా లేదు.

మరుసటి వేసవిలో ఉద్యోగుల పిల్లలకు ఆట నేర్పించాలని క్లబ్బు కమిటీ అనుకుంది. మేస్త్రిని నెలకు కొంత జీతం మీద శిక్షకుడిగా పెట్టుకుందామని ఒకరు సూచించారు. పుస్తకాలు చదివిన వాడినని నన్ను అభిప్రాయం అడిగారు. నోటు రాయడంలో మనకు తిరుగులేదు గదా. అర పేజీ ఇంగ్లీషులో రాశాను. ఇతని అనుభవం మెచ్చదగినదే కాని, ఇతను చెప్పే విషయాలు ఆమోదిత సిద్ధాంతానికి విరుద్ధంగా ఉన్నవి, పిల్లలకు మొదట్లోనే తప్పు నేర్పే ప్రమాదం ఉన్నది, బయటి నుంచి అర్హత గల శిక్షకుని ఏడాదికి రెండు నెలలు పిలిపించుట ఉచితము అని దాని సారాంశం. కమిటీ ఒప్పుకుంది. మేస్త్రి సంచులు మోస్తూనే ఉండిపోయాడు. ఆ నోటు కార్బన్ కాపీ ఇప్పటికీ నా ఫైలులో ఉంది.

కాడీలు ఈ ఆటకు గురువులు కావడం కొత్తేమీ కాదని నాకు ఆనాడే తెలిసి ఉండవలసింది. హోగన్ కాడీ. ఆయన తోటివాడు బైరన్ నెల్సన్ అదే మైదానంలో కాడీ. 1913లో వార్డన్‌ను ఓడించి అమెరికన్ ఓపెన్ గెలిచిన ఫ్రాన్సిస్ విమెట్ కూడా కాడీగా పనిచేసినవాడే. మన దేశంలో కాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1829లో పుట్టిన రాయల్ కలకత్తా క్లబ్బులో పచ్చిక సంరక్షించే ఉద్యోగి కొడుకు చౌరాసియా 2016లోనూ 2017లోనూ అదే ఓపెన్ గెలిచాడు. సంచీ మోసేవాడు రోజుకు వందల దెబ్బలు చూస్తాడు. బంతి బయలుదేరే మొదటి గజం అతని కంటికి దొరికినట్టు కొట్టేవాడి కంటికి దొరకదు.

నిజం అప్పటికే అచ్చయి ఉంది కూడా. 1968లో కాక్రన్, స్టాబ్స్ అనే ఇద్దరు బ్రిటన్‌లో జరిగిన శాస్త్రీయ పరిశోధనను 'సెర్చ్ ఫర్ ది పర్ఫెక్ట్ స్వింగ్' పేరుతో పుస్తకంగా తెచ్చారు. బంతి బయలుదేరే దిశను ఎక్కువగా నిర్ణయించేది కర్ర ముఖమేనని అందులో ఉంది. 1994లో థియొడోర్ జోర్గెన్సన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రజ్ఞుడు 'ది ఫిజిక్స్ ఆఫ్ గోల్ఫ్'లో ముఖం దిశ, దారి దిశ కలిసి బంతిని ఎలా వంచుతాయో బొమ్మ గీసి మరీ చెప్పాడు. లెక్కలున్న పుస్తకాలు బోధకులు తెరవలేదు. బొమ్మలున్న పుస్తకాలు నాలాంటివాళ్ళు మూయలేదు.

చివరకు తేల్చింది రాడారు. 2003లో డెన్మార్కులో మొదలైన ట్రాక్‌మన్ అనే సంస్థ, ఎగిరే గుళ్ళను రాడారుతో వెంటాడే విద్యను గోల్ఫు బంతికి తగిలించింది. ముఖం ఎటు, దారి ఎటు, బంతి ఎటు బయలుదేరింది అన్నవి దెబ్బ దెబ్బకూ డిగ్రీలలో కనిపించసాగాయి. పొడవు కర్రతో కొడితే బయలుదేరే దిశలో సుమారు 85 శాతం ముఖానిదే, ఇనుప కర్రలతో 75 శాతం అని తేలింది. దారికీ ముఖానికీ ఉన్న తేడాయే వంపు. బోధకులు పాత సూత్రాన్ని తిరగరాసుకోవలసి వచ్చింది.

ఇది నాకు 2014లో గాని తెలియలేదు. ఆ ఏడు డాలస్‌లో మా అబ్బాయి దగ్గర మూడు నెలలున్నాము. కాలక్షేపానికని నన్నొక శిక్షణ కేంద్రానికి తీసుకువెళ్ళాడు. వెనక నారింజ రంగు పెట్టె ఒకటి. నేను కొట్టగానే తెర మీద అంకెలు వచ్చాయి. ముఖం 2 డిగ్రీలు కుడికి, దారి 5 డిగ్రీలు ఎడమకు. నా పాత పుస్తకం ప్రకారం ఆ బంతి ఎడమకు బయలుదేరాలి. తెర మీద అది ఒక డిగ్రీ కుడికి బయలుదేరి ఇంకా కుడికి వంగిపోయింది. శిక్షణ ఇచ్చే కుర్రవాడు, మా మనవడికంటె కాస్త పెద్దవాడేమో, ఏమీ అనకుండా వచ్చి బంతిని రెండంగుళాలు వెనక్కి జరిపాడు. బూటు మొనతో జరిపాడు. తరవాతి దెబ్బకు దారి అంకె సగానికి తగ్గింది. కారులో ఇంటికి వస్తుంటే మా అబ్బాయి ఏదో చెబుతున్నాడు గాని నాకు వినబడలేదు. నాలుగో గుంత జీడిమామిడి కనిపిస్తోంది. ఏడు దెబ్బలు.

2015 సంక్రాంతి వెళ్ళాక ఆ టౌన్‌షిప్‌కు వెళ్ళి విచారించాను. మేస్త్రి తన పల్లెలో ఉన్నాడన్నారు. మోకాళ్ళు పోయాయి. ఇంటి ముందు వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని ఉన్నాడు, నన్ను గొంతు బట్టి గుర్తుపట్టాడు. రాడారు సంగతంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు గాని ఆశ్చర్యపోలేదు. "అంత పెద్ద మిసను కావాల్సొచ్చిందేటి" అన్నాడు. ఇక నోటు సంగతి చెప్పాలి. జేబులో కాపీ ఉంది. తీసి, తెలుగులో అర్థం చెప్పడం మొదలుపెట్టాను. చెయ్యి ఊపి ఆపేశాడు.

"ఆ కాయితం సంగతి నాకప్పుడే తెలుసు బాబూ. కల్బు గుమస్తా సదివి సెప్పినాడు."

నేను అక్కడి నుంచి బదిలీ అయినది 1989లో. ఆ కాగితం సంగతి తెలిసి కూడా మూడేళ్ళు నా సంచీ మోశాడు, నా బంతిని జరిపాడు. మరి ఎందుకు అడగలేదని అడిగాను. "ఏటని అడగను? మీరు సదివిన పుస్తకం నేను సదవలేదు గదా" అన్నాడు. వాళ్ళ కోడలు టీ తెచ్చి ఇచ్చింది. ఇద్దరం తాగాము. చాలాసేపు ఆ మైదానం గురించే మాట్లాడుకున్నాం, ఏ చెట్టు ఉంది, ఏది కొట్టేశారు అని.

లేచి బయలుదేరబోతుంటే, "ఓపాలి నిలబడండి బాబూ, సూద్దాం" అన్నాడు. పెరట్లో రాలిన నిమ్మకాయ ఒకటి పిల్లవాడు తెచ్చి నా ముందు పెట్టాడు. కర్ర లేదు, చేతులు ఊరికే కలిపి పట్టుకుని నిలబడ్డాను. అతను పాదాలు చూశాడు, నిమ్మకాయ చూశాడు, భుజాలు చూశాడు. లేవలేడు కదా, మంచం మీద నుంచే చేతికర్ర చాచి నిమ్మకాయను వేలెడు వెనక్కి నెట్టాడు.